పేరు మారిన దేశం, హద్దు మారిన దేశం: ‘దేశం’ గడిలో ఏం రాయాలి?

వంశవృక్షం రాసుకునేవాళ్లు, స్టాంపులు నాణేలు దాచేవాళ్లు, చరిత్ర పట్టికలు తయారుచేసే విద్యార్థులు, ఎక్సెల్‌లో దేశాల లెక్కలు పోల్చేవాళ్లు అందరూ ఒక గడి దగ్గర ఆగిపోతారు. అది ‘దేశం’ గడి. ముత్తాత 1930లో రంగూన్‌లో పుట్టారు. మయన్మార్ అని రాయాలా, బర్మా అని రాయాలా, ఇండియా అని రాయాలా? మూడింటికీ కారణం చూపించవచ్చు. కానీ ఒక్కో ఎంట్రీకి ఒక్కో పద్ధతి వాడితే ఆ పట్టిక రెండేళ్ల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. పుట్టుక, పెళ్లి, ఉత్తరం, స్టాంపు, ఒప్పందం లాంటివి ఒక తేదీన జరిగినవి. వాటికి ఆ రోజున్న పేరే రాసి, అవసరమైతే పక్కన ఇప్పటి పేరు చేర్చండి. జనాభా, పంట దిగుబడి, జాతీయాదాయం లాంటివి ఏళ్ల తరబడి సాగే లెక్కలు. వాటికి పేరు కన్నా భూభాగం ముఖ్యం, కాబట్టి హద్దు మారిన ఏడాది దగ్గర వరుసను తెంచండి. మారింది ప్రభుత్వం ఒక్కటే అయితే దేశం గడిని ముట్టుకోకండి.

ముందు ఏం మారిందో చూడాలి

దేశం మారింది అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, అందులో కనీసం మూడు వేరువేరు మార్పులున్నాయి.

మొదటిది పాలన. ఆఫ్ఘనిస్తాన్‌లో 1973లో రాజు పోయి రిపబ్లిక్ వచ్చింది, 1978లో కమ్యూనిస్టులు వచ్చారు, 1992లో ముజాహిదీన్లు, 1996లో తాలిబన్లు, 2001లో వాళ్లు పోయారు, 2021లో మళ్లీ వచ్చారు. అధికారిక నామం ప్రతిసారీ మారింది. హద్దులు మాత్రం అవే. ఇక్కడ ‘ఆఫ్ఘనిస్తాన్’ అని రాస్తే చాలు. పాలన తెలియాల్సిన పని ఉంటే దానికి వేరే కాలమ్ పెట్టండి.

రెండోది పేరు. 1935లో పర్షియా ఇరాన్ అయింది, 1972లో సిలోన్ శ్రీలంక అయింది, 1984లో అప్పర్ వోల్టా బుర్కినా ఫాసో అయింది. నేల అదే, జనం వాళ్లే. ఇది అన్నిటికన్నా తేలికైన సందర్భం.

మూడోది హద్దు. అసలు తలనొప్పి ఇక్కడే. హద్దు మారినా పేరు మారకపోవచ్చు, అప్పుడు పొరపాటు జరిగినట్టు కూడా తెలియదు. ఈజిప్టు, సిరియా కలిసి 1958లో యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ అయ్యాయి. 1961లో సిరియా బయటికి వెళ్లిపోయింది. ఈజిప్టు మాత్రం 1971 దాకా ఆ పేరే పెట్టుకుంది. అంటే 1960 నాటి యునైటెడ్ అరబ్ రిపబ్లిక్, 1965 నాటి యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ ఒకటి కావు. యుగోస్లావియాదీ ఇదే కథ. 1991 ముందు అందులో ఆరు రిపబ్లిక్కులు ఉండేవి. 1992 నుంచి 2003 దాకా అదే పేరు పెట్టుకున్న దేశంలో మిగిలినవి సెర్బియా, మాంటెనెగ్రో మాత్రమే. ‘యుగోస్లావియా’ అని ఊరికే రాసి వదిలేస్తే చదివేవాళ్లకి ఏది అర్థం కావాలి? ఇలాంటి పేర్లకు ఏళ్లు తప్పకుండా జోడించాలి.

ఆనాటి పేరా, ఈనాటి పేరా?

ఈనాటి పేరు రాయడం సులువు. మ్యాపులో వెతికితే దొరుకుతుంది, పిల్లలకి వెంటనే తెలుస్తుంది. ప్రయాణానికో, ఎవరినైనా వెతకడానికో తయారుచేసే జాబితాకి అదే సరిపోతుంది. కానీ పుట్టిన దేశం అనే గడిలో అది తప్పు చెబుతుంది. మన్మోహన్ సింగ్ 1932లో గాహ్ అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. పర్వేజ్ ముషారఫ్ 1943లో ఢిల్లీలో పుట్టారు. ఈనాటి పేర్ల పద్ధతిలో వెళితే భారత ప్రధాని పాకిస్తాన్‌లోనూ, పాకిస్తాన్ అధ్యక్షుడు భారత్‌లోనూ పుట్టినట్టు తేలుతుంది. వాళ్లు పుట్టిన రోజున పాకిస్తాన్ అనే దేశమే లేదు. ఇద్దరూ బ్రిటిష్ ఇండియాలో పుట్టారు.

ఆనాటి పేరు నిజం చెబుతుంది. పాత సర్టిఫికెట్‌తో, పాస్‌పోర్టుతో, ఓడ టికెట్‌తో సరిపోతుంది. దానికున్న లోపం ఒకటే, ఆ పేరు ఇప్పుడు చాలామందికి తెలియదు. మదర్ తెరెసా 1910లో స్కోప్యేలో పుట్టారు. అప్పుడది ఒట్టోమన్ సామ్రాజ్యం. రెండేళ్లకు ఆ ఊరు సెర్బియా చేతికి వచ్చింది, ఆ తర్వాత యుగోస్లావియాలో భాగమైంది, ఇప్పుడు ఉత్తర మాసిడోనియా రాజధాని. ‘ఒట్టోమన్ సామ్రాజ్యం’ అని మాత్రమే రాస్తే సగంమంది టర్కీ అనుకుంటారు. ‘ఉత్తర మాసిడోనియా’ అని మాత్రమే రాస్తే 2019లో ఖాయమైన పేరును 1910కి తగిలించినట్టు అవుతుంది.

అందుకే వ్యక్తుల వివరాలకు రెండూ రాయడమే నాకు నచ్చిన పద్ధతి. ముందు ఆనాటిది, బ్రాకెట్లో ఈనాటిది: ‘స్కోప్యే, ఒట్టోమన్ సామ్రాజ్యం (ఇప్పుడు ఉత్తర మాసిడోనియా)’. ఈ వరుస తిప్పకండి. మధ్యలో వచ్చిన ఏలికల జాబితా అంతా కూడా ఇక్కడ పెట్టకండి, అది వ్యాసంలో చెప్పుకోవాల్సిన సంగతి. పట్టికలో రెండు కాలమ్‌లు చేస్తే ఇంకా మంచిది, ఒకటి ‘ఆ రోజున’, రెండోది ‘ఇప్పుడు’. రెండో కాలమ్ భవిష్యత్తులో మార్చాల్సి రావచ్చు, మొదటిది ఎప్పటికీ అలాగే ఉంటుంది.

ఇప్పుడు రంగూన్ ముత్తాత విషయం చూద్దాం. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. ఆ రోజున ఇండియా నుంచి విడిపోయి విడిగా బ్రిటిష్ వలస అయింది. 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణలో ఉంది. 1948 జనవరి 4న స్వతంత్రమైంది. 1989లో పేరు మయన్మార్ అయింది, రంగూన్ యాంగోన్ అయింది. కోస్తా జిల్లాల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొందరు కాలినడకన తిరిగొచ్చారు, 1960లలో ఇంకొందరు వచ్చారు. ఆ కుటుంబాల వంశవృక్షంలో ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములకు వేరువేరు దేశాలు పడతాయి. 1930లో పుట్టిన అన్నకు ‘రంగూన్, బర్మా ప్రావిన్సు, బ్రిటిష్ ఇండియా’. 1939లో పుట్టిన తమ్ముడికి ‘రంగూన్, బ్రిటిష్ బర్మా’. చూడ్డానికి వింతగా ఉన్నా ఇదే సరైనది. ఇద్దరికీ ఒకేలా ఉండాలని సరిదిద్దకండి. తర్వాత పాత రికార్డులు వెతికేటప్పుడు అన్న వివరాలకు ఏ ప్రభుత్వం కాగితాలు చూడాలో, తమ్ముడి వివరాలకు ఏవి చూడాలో ఆ తేడాయే చెబుతుంది.

మన జిల్లాలకూ ఇదే పని పడుతుంది

వరంగల్‌లో 1940లో పుట్టినవారికి ‘బ్రిటిష్ ఇండియా’ అని రాసేస్తుంటారు. అది తప్పు. వరంగల్ నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. బ్రిటిష్ ఇండియా అంటే ఆంగ్లేయులు నేరుగా పాలించిన ప్రావిన్సులు మాత్రమే. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 దాకా ఆ సంస్థానం భారత యూనియన్‌లో కూడా లేదు. ఆ పదమూడు నెలల్లో పుట్టినవారికి ‘హైదరాబాద్ సంస్థానం’ అని రాసి ఆపండి, పైన ఇండియా అని చేర్చకండి. ఆ తర్వాత 1956 అక్టోబరు చివరి దాకా ‘హైదరాబాద్ రాష్ట్రం, ఇండియా’. 1956 నవంబరు 1 నుంచి ‘ఆంధ్రప్రదేశ్’. 2014 జూన్ 2 నుంచి ‘తెలంగాణ’.

కర్నూలు దారి వేరు. 1950లో అది మద్రాసు రాష్ట్రం, 1954లో ఆంధ్ర రాష్ట్రం, 1957లో ఆంధ్రప్రదేశ్. ఆదోని అయితే 1953 ముందు బళ్లారి జిల్లా. ఆ జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఆంధ్రకు వచ్చాయి.

భద్రాచలం విషయంలో చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. ఇప్పుడు తెలంగాణలో ఉంది కాబట్టి 1945లో నిజాం రాజ్యం అని రాసేస్తారు. భద్రాచలం 1860లోనే బ్రిటిష్ వారి చేతికి వెళ్లింది, 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, ఆ ఏడాదే ఖమ్మం జిల్లాలో చేరింది. కాబట్టి 1945కి సరైన లేబుల్ ‘భద్రాచలం, తూర్పు గోదావరి జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ’. ఇప్పటి రాష్ట్రాన్ని బట్టి అప్పటి రాజ్యాన్ని ఊహించవద్దు అని ఎవరికైనా చెప్పాలంటే నేను ఈ ఊరే చూపిస్తాను.

యానాంలో చిక్కు తేదీ దగ్గర వస్తుంది. ఫ్రెంచి పాలన అక్కడ 1954లో ముగిసింది. ఆ ఏడాది నవంబరు 1న అధికారాలు భారత్‌కు బదిలీ అయ్యాయి. అప్పగింత ఒప్పందం మీద 1956లో సంతకాలు జరిగాయి. చట్టప్రకారం విలీనం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. 1958లో యానాంలో పుట్టినవారికి ఫ్రాన్స్ అని రాయాలా, ఇండియా అని రాయాలా? నేను పాటించే నియమం ఇది: ఆ రోజున అక్కడ పాలన నడిపింది ఎవరో వాళ్ల పేరే గడిలో రాయాలి, చట్టప్రకారం తేదీ వేరే ఉంటే గమనికలో రాయాలి. కాబట్టి ‘యానాం, ఇండియా’ అని రాసి, ‘చట్టబద్ధ విలీనం 1962’ అని పక్కన చేర్చండి. పౌరసత్వం గురించి వెతికే కుటుంబాలకు ఆ చిన్న గమనిక చాలా అవసరం.

స్టాంపులకు: ఎవరు విడుదల చేశారో వాళ్ల పేరే

స్టాంపు దగ్గర వాదన తక్కువ. దాన్ని విడుదల చేసిన తపాలా అధికారం ఎవరిదో, లేబుల్ వాళ్లదే. బర్మా స్టాంపుల పేజీ ఒకటి దగ్గరగా చూడండి. 1937లో విడిపోయిన కొత్తలో ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చుకొట్టి వాడారు. తర్వాత సొంత స్టాంపులు వచ్చాయి. 1942లో జపాన్ వాళ్లు వచ్చాక అవే బ్రిటిష్ రాజు బొమ్మల స్టాంపుల మీద నెమలి గుర్తు వేసి చలామణీలో పెట్టారు. 1945లో ఆంగ్లేయులు తిరిగొచ్చాక సైనిక పాలన అని ముద్ర పడింది. 1947లో తాత్కాలిక ప్రభుత్వం బర్మీస్ లిపిలో ఇంకో ముద్ర వేసింది. బొమ్మ అదే రాజుది అయినా, లేబుల్ మీద మాత్రం పైన పడిన ముద్ర ఎవరిదో రాయాలి.

జర్మనీలో దీనికి తిరగబడిన పరిస్థితి. 1910లో కైజర్ (చక్రవర్తి) ఉన్నాడు, 1925లో వైమార్ రిపబ్లిక్, 1938లో హిట్లర్. మూడు కాలాల స్టాంపుల మీదా ‘డాయిచెస్ రైఖ్’ (జర్మన్ రాజ్యం) అనే ఉంటుంది. పాలన ఎంత మారినా దేశం అధికారిక పేరు మారలేదు కాబట్టి ఆల్బమ్‌లో ఇవన్నీ ఒకే వరుసలో ఉంచవచ్చు. 1945 నుంచి 1949 దాకా ఆక్రమిత మండలాలు, తర్వాత పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ, 1990 దాకా విడిగా స్టాంపులు వేసిన పశ్చిమ బెర్లిన్, రెండుసార్లు జర్మనీ నుంచి విడిపోయి 1957లో తిరిగి జర్మనీకి వచ్చిన సార్ ప్రాంతం, రెండు యుద్ధాల మధ్య స్వతంత్ర నగరంగా బతికిన డాంజిగ్ - వీటన్నిటికీ ఎవరి పేజీ వాళ్లకి ఇవ్వాలి. పేజీలు చెల్లాచెదురు కాకుండా పైన ‘జర్మనీ ప్రాంతం’ అని విభాగం పెట్టి, కింద విడుదలచేసినవారి పేరు, ఏళ్లు రాయండి. హైదరాబాద్ నిజాం 1869 నుంచి వేసిన స్టాంపులకూ ఇదే పద్ధతి, విభాగం ‘ఇండియా’, లేబుల్ ‘హైదరాబాద్ సంస్థానం’.

లెక్కలకు: హద్దు మారిన చోట గీత తెంచండి

గణాంకాలలో తప్పు లేబుల్ ఏకంగా తప్పు నిర్ధారణకే దారితీస్తుంది కాబట్టి ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పాకిస్తాన్ 1951 జనాభాను 1981 జనాభాతో పోల్చారనుకోండి. 1951 లెక్కలో ఇప్పటి బంగ్లాదేశ్ కూడా ఉంటే, అందులో సగానికి పైగా జనం తూర్పు భాగంవాళ్లే. 1981లో వాళ్లు లేరు. ఆ రెండు అంకెల మధ్య వృద్ధి రేటు కడితే వచ్చే జవాబుకు అర్థమే లేదు. ఇలాంటి చోట ‘పాకిస్తాన్ (తూర్పు భాగంతో, 1947–71)’, ‘పాకిస్తాన్ (1971 తర్వాత)’ అని రెండు లేబుళ్లు కావాలి. చార్టులో గీత కూడా 1971 దగ్గర తెగాలి.

ఇంకో దారి కూడా ఉంది, ఇప్పటి హద్దుల ప్రకారం పాత లెక్కలు తిరిగి కట్టడం. పశ్చిమ పాకిస్తాన్ అంకెలు విడిగా దొరికితే 1951కి అవే తీసుకోవచ్చు. జర్మనీకి రెండు భాగాల లెక్కలు కూడి 1990 ముందు వరుసను తయారుచేయవచ్చు. దీర్ఘకాల పోలికకు ఇది మంచి పద్ధతే. కానీ అప్పుడు లేబుల్‌లో ‘ఇప్పటి హద్దుల ప్రకారం’ అనే మాట ఉండి తీరాలి. ఆ మాట లేకుండా ‘జర్మనీ, 1970’ అని కనిపిస్తే అది పశ్చిమ జర్మనీ ఒక్కటేనా, రెండూ కలిపా అన్నది ఎవరికీ తెలియదు. ఇథియోపియాకు 1993 దగ్గర (ఎరిట్రియా విడిపోయింది), సూడాన్‌కు 2011 దగ్గర (దక్షిణ సూడాన్ విడిపోయింది) ఇదే జాగ్రత్త కావాలి.

కోడ్‌లు వాడితే ఈ గొడవ ఉండదు కదా అంటారు. సగం నిజం. ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) దేశాలకు ఇచ్చే రెండక్షరాల కోడ్‌లు పేరుతో పాటు మారతాయి, పైగా పాతవి మళ్లీ వేరే దేశానికి ఇచ్చిన సందర్భాలున్నాయి. ‘సీఎస్’ మొదట చెకోస్లోవాకియాది. ఆ దేశం 1993 జనవరి 1న రెండుగా విడిపోయాక, 2003లో అదే కోడ్ సెర్బియా-మాంటెనెగ్రోకు ఇచ్చారు. ‘ఎస్‌కే’ ఇప్పుడు స్లోవేకియాది, 1975లో భారత్‌లో కలవక ముందు సిక్కింది. పాత ఫైలులో ఈ అక్షరాలు కనిపిస్తే ఏడాది చూడకుండా నమ్మవద్దు.

మూడంకెల కోడ్‌లు మనకు ఎక్కువ పనికొస్తాయి. అవి పేరు మారితే మారవు, భూభాగం మారితే మారతాయి. బర్మా మయన్మార్ అయినా 104 అలాగే ఉంది, జైర్ కాంగో అయినా 180 అలాగే ఉంది. జర్మనీ ఏకమైనప్పుడు దాని రెండక్షరాల కోడ్ ‘డీఈ’ మారలేదు గానీ అంకె 280 నుంచి 276కి మారింది. ఇథియోపియా 230 నుంచి 231 అయింది, సూడాన్ 736 నుంచి 729 అయింది. మీ పట్టిక లెక్కల కోసమే అయితే అంకెల కోడ్ వాడండి, దాని పక్కన మొదలు, ముగింపు తేదీలకు రెండు కాలమ్‌లు పెట్టండి. లేని దేశాలకు ఐఎస్‌ఓ విడిగా నాలుగక్షరాల కోడ్‌లు కూడా ఇచ్చింది. అయితే వంశవృక్షానికో, స్టాంపుల పుస్తకానికో కోడ్‌ల బాధ అక్కర్లేదు. మనిషి చదివే చోట పేరే ఉండాలి.

వారసులెవరు?

‘సోవియట్ యూనియన్ అంటే రష్యానే కదా, అదే రాసేద్దాం’ అని చాలామంది అంటారు. ఐక్యరాజ్యసమితిలో సోవియట్ సీటు 1991లో రష్యాకే వచ్చింది, అది నిజం. కానీ కీవ్‌లోనో (ఇప్పుడు ఉక్రెయిన్) తాష్కెంట్‌లోనో (ఇప్పుడు ఉజ్బెకిస్తాన్) జరిగినదానికి రష్యా అని లేబుల్ పెడితే తప్పు. పైగా సీటు దక్కే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. ఇండియా 1945లోనే ఐక్యరాజ్యసమితి వ్యవస్థాపక సభ్యురాలు, స్వాతంత్ర్యం వచ్చాక అదే సభ్యత్వం కొనసాగింది, పాకిస్తాన్ 1947 సెప్టెంబరు 30న కొత్తగా చేరింది. చెక్, స్లోవాక్ దేశాలు రెండూ 1993లో కొత్త సభ్యులుగా చేరాయి. పాత యుగోస్లావియా సభ్యత్వం తనదేనన్న బెల్‌గ్రేడ్ (సెర్బియా రాజధాని) వాదనను ఐక్యరాజ్యసమితి ఒప్పుకోలేదు, 2000లో కొత్త సభ్యత్వమే తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి వారసత్వం కోసం లేబుల్ మార్చకండి. ‘తర్వాతి దేశాలు’ అని ఒక కాలమ్ పెట్టి, ఒకటి కన్నా ఎక్కువ ఉంటే అన్నీ రాయండి.

వివాదం ఉన్న చోట్ల పట్టిక తయారుచేసేవాళ్లు తీర్పు చెప్పాల్సిన పని లేదు. లాత్వియాను 1940లో సోవియట్ యూనియన్ కలుపుకుంది, అమెరికాతో సహా చాలా దేశాలు దాన్ని గుర్తించలేదు. 1960లో రీగాలో పుట్టినవారికి ‘రీగా, లాత్వియా, సోవియట్ పాలనలో’ అని రాస్తే అప్పటి పాలన తెలుస్తుంది, లాత్వియా వాదనకూ అన్యాయం జరగదు. 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావోను కొన్ని దేశాలు గుర్తించాయి, ఇండియా సహా కొన్ని గుర్తించలేదు. ‘కొసావో’ అని ప్రాంతం పేరు రాసి, హోదా గమనికలో పెట్టండి. ఆ గమనిక ఏ తేదీకి సరిచూశారో కూడా అక్కడే వేయండి, ఎందుకంటే ఆ ఒక్క కాలమ్‌నే మళ్లీ మళ్లీ తెరిచి చూడాల్సి వస్తుంది.